నిమిషానికి ఎన్ని పదాలు

పెదజాలారిపేట మునిసిపల్ బడి, నాలుగో తరగతి.
వరండా చివర, చెప్పుల వరస దాటాక
ఒక బల్ల, రెండు కుర్చీలు, నా ఫోనులో స్టాప్‌వాచ్.
ఒక్కొక్కళ్ళే రావాలి.
మిగతావాళ్ళు లోపల ఎక్కాలు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

ఫారంలో ఐదు గళ్ళు:
ఏమీ రాదు, అక్షరం, పదం, వాక్యం, కథ.
ఏటా ఈ రోజుల్లో ముప్పై నలుగురిని
వీటిలోకి సర్దుతాను,
ఐసుపెట్టెల్లోకి చేపల్ని సైజువారీగా సర్దినట్టు.
పోలిక నాది కాదు, టీ తెచ్చిన ఆయా కాసులమ్మది.

ముందు వాసుపల్లి తేజేశ్వర్.
గుక్క తిప్పుకోలేదు,
దువ్వాడలో ఆగని గూడ్సుబండి.
నిమిషానికి తొంభై ఆరు.
"కథలో ఎవరున్నార్రా?" అంటే
కాగితం వంక చూసి, నా వంక చూసి
"నేనే టీచర్, నేనే చదివాను" అన్నాడు.
కథ గడిలో టిక్కు పెట్టాను. నియమం అదే.

తర్వాత బలరాం బెహరా. ఇంట్లో ఒడియా.
'ఎండలు' అన్నచోట 'ఎండొలు' అన్నాడు.
తప్పు లెక్కెయ్యాలా?
వాళ్ళమ్మ దగ్గర నేర్చిన గుండ్రం అది, ఆ పెదవులకి.
నా పెన్సిలు గాల్లోనే ఉండిపోయింది.
ఇంతలో నెత్తిమీద నేవీ హెలికాప్టరు.
అది యారాడ కొండ వైపు పోయేదాకా
స్టాప్‌వాచ్ ఆపాను.
ఫారంలో దానికీ గడి లేదు.

పదిహేడో నంబరు, మైలపల్లి నూకరత్నం.
మోచేతి మీద ఎండిన పొక్కు,
ఒక జడకే రిబ్బను.
వేలు పెట్టి చదువుతుంది,
ఇసకలో పీత నడిచినట్టు, కాస్త పక్కకి.
"ఏప్రిల్ నెలాఖరు. ఎండలు మండుతున్నాయి.
సోమన్న ఇంజను బోటు వేసుకుని వేటకు"
ఆగిపోయింది.

తొమ్మిది పదాలు.
ఇరవై సెకన్లు. ముప్పై.
సాయం చెయ్యకూడదు, కళ్ళతో కూడా అందించకూడదు.
'వే', 'ట', 'కు' అని
నోరు మూసుకుని నేనే కూడబలుక్కున్నాను.
నలభై ఐదు.
"టీచర్, ఇది తప్పు కదేటి?"
"ఏది?"
"పదిహేనో తారీకు నించి వేట బందు కదా, రెండు నెల్లు.
తెప్పేసుకుని ఎల్తే ఏటీ అనరు.
ఇంజను బోటుకి ఫైనేస్తారు.
మా నాన్న ఇంటికాడే వల కుట్టుకుంటన్నాడు.
ఈ సోమన్నెవులు?"

నిమిషం అయిపోయి ఫోను కీచుమంది.

ఐదేళ్ళుగా ఇదే కాగితం.
లామినేషన్ అంచులు లేచిపోయాయి.
నూట యాభై మంది పైనే దీని మీదుగా పరిగెత్తారు,
కొందరు పాక్కుంటూ పోయారు.
ఎవరూ ఆగలేదు.
అందరి వెనకా విన్నదాన్ని, నేనూ ఆగలేదు.
పొద్దున్నే ఒడ్డున పక్కకి వాలి పడుకున్న
బోట్ల మధ్య నించే కదా నడిచొచ్చాను,
ఒకదాని పేరు చదివి నవ్వుకున్నాను కూడా.

యాప్ ఒక అంకె అడుగుతోంది.
తొమ్మిది వేస్తే 'పదం' దగ్గర దించేస్తుంది.
ఆగిన కారణం రాయడానికి చోటు లేదు,
రేషన్ కార్డు దరఖాస్తులో నయం,
'ఇతరములు' అని ఒక గీతైనా ఉంటుంది.
ఖాళీగా వదిలాను.
'ఒక విద్యార్థి వివరాలు అసంపూర్ణం' అని
ఎర్రగా వెలిగింది.

స్కెచ్ పెన్ను నూకరత్నం చేతికిచ్చాను.
"నువ్వే దిద్దు."
చాలాసేపు ఆలోచించింది, నాలుక చివర కొరుక్కుంటూ.
'ఇంజను బోటు' కొట్టేసి
పైన 'తెప' అని రాసింది.
ప-ఒత్తు నేను పెట్టాను.
ఇంకేమీ ముట్టుకోలేదు.

పద్దెనిమిదో నంబరు వచ్చి కూర్చుంది.
ఒడిదుడుకులు లేకుండా చదువుకుంటూ వచ్చి
ఆ కొట్టివేత దగ్గర తలెత్తి
"ఇదెవరు రాశారు టీచర్?" అంది.

స్టాప్‌వాచ్ నడుస్తోంది.
చెప్పడం మొదలుపెట్టాను.